సమస్యాపూరణం: "ప్రేమ గలుగువాఁడె భీతి గొలుపు"

కోటవీధి మాస్టారు (విజయనగరం):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. భయపెట్టేవాడికి ప్రేమేమిటి అన్నదే చిక్కు. మొన్న మా అరుగు మీద కూర్చుని ఒక పాస్టరుగారు, దేవుడు ఈ కాలంవాళ్ళని కూడా ఇంకా ఎందుకు హెచ్చరిస్తున్నాడో చెబుతుంటే ఈ పాదం తట్టింది. ఏ కథైనా తీసుకోండి. ప్రే–భీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరంతో పొత్తు) సరిపోయింది, మళ్ళీ అడగొద్దు.

కళింగపట్నం కుర్రాడు:
కడలి పొంగువేళ గట్టుపై దీపాలు
వెలుగఁ జేసి పడవ నిలుపఁ జూచు
అలుక లేదు తండ్రి యరుపులో నెన్నఁడు
ప్రేమ గలుగువాఁడె భీతి గొలుపు

అచ్చుతప్పు:
రెండో పాదంలో యతి తప్పింది తమ్ముడూ. వె ఎక్కడ, ని ఎక్కడ?

మాస్టారు:
తప్పలేదు. వెలుగ–నిలుప, రెండో అక్షరం లకారం కుదిరింది, ప్రాసయతి. ఆటవెలదికి అది చెల్లుతుంది. దీపాలు అనడమూ బాగుంది. రేవులో ప్రమాద సూచికలు పగలైతే శంకువు, పీపా ఆకారాల్లో కడతారు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు పెడతారు. చాలామంది జెండా అని రాసేస్తారు.

నాగావళి ఒడ్డు:
అన్న నీతి వీడి యవనిజఁ దెచ్చిన
ననుజుఁ డొకఁడె చెప్పె నడ్డుపడుచు
తన్ని తరిమె గాని తలపోయఁ డాయెను
ప్రేమ గలుగువాఁడె భీతి గొలుపు

అచ్చుతప్పు:
వాల్మీకంలో రావణుడు విభీషణుణ్ణి తన్నలేదండీ, మాటలతోనే పొడిచాడు. తన్నడం తర్వాతి కథల్లోది.

నాగావళి ఒడ్డు:
తెలుసండీ. "తిట్టి తరిమె" అని పెడితే యతి పోతోంది. యతి కోసం తన్నించాను.

మాస్టారు:
విభీషణుడు క్షమించుగాక. నడక బాగుంది.

పాలకొండ పద్యం:
నలువది దినములకు నాశమౌ నీనెవె
యనుచు యోన చాట నాలకించి
గోనె గట్టి వేడఁ గూలక నిలిచెను
ప్రేమ గలుగువాఁడె భీతి గొలుపు

అచ్చుతప్పు:
రెండు అభ్యంతరాలు. భయపెట్టింది దేవుడని పద్యంలో ఎక్కడా లేదు, నాలుగో పాదం గాల్లో వేలాడుతోంది. రెండోది, అసలు సమస్య మీదే. దొంగ కూడా భయపెడతాడు కదా, "వాఁడె" అని అంత నొక్కి చెప్పడం ఎలా కుదురుతుంది?

పాలకొండ పద్యం:
మొదటిది ఒప్పుకుంటున్నాను. రెండోదానికి నా జవాబు ఇది. దొంగ బెదిరింపులో లాభం దొంగది. ఈ బైబిలు కథలో ఇక నలభై రోజులే అని దేవుడు యోనా ప్రవక్తచేత నీనెవె ఊళ్ళో చాటిస్తే ఎవరికి లాభం? పాడుచెయ్యాలనే ఉంటే గడువు దేనికి, చెప్పకుండా కూల్చెయ్యొచ్చుగా. ఊరు మారింది, ఊరు మిగిలింది. అప్పుడు కోపం వచ్చింది దేవుడికి కాదు, యోనాకి. తను చాటింది జరగలేదని! నీకు నీడనిచ్చి ఎండిపోయిన సొరచెట్టు కోసం నువ్వు బాధపడుతున్నావే, కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అంటాడు దేవుడు. పశువుల్ని కూడా ఆ లెక్కలో కలిపాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

కళింగపట్నం కుర్రాడు:
యోనా కోపం మా వాడలో అందరికీ ఉన్నదే. వేటకెళ్ళొద్దంటారు, రెండ్రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. తీరా తుపాను ఇంకో వైపు తిరిగిపోతుంది. రాని తుపానుకి కూలి పోగొట్టుకున్నామని తిట్టుకుంటాం. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో పడిపోయిన కొబ్బరితోటలు చూసొచ్చాక మా నాన్న ఆ తిట్టు మానేశాడు.

మాస్టారు:
"ఈ కాలంలో ఎందుకు" అన్నదానికి పాస్టరుగారు బైబిల్లో పేతురు రాసిన రెండో పత్రిక (అంటే ఉత్తరం) మూడో అధ్యాయం చూపించారు. ప్రభువు ఆలస్యం చేస్తున్నాడని అనుకోవద్దు, ఎవరూ నశించకూడదని ఓపిక పడుతున్నాడు అని అక్కడ ఉంది. అంటే గడువు ఇంకా నడుస్తోందన్నమాట. అదే బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో మరీ గట్టిగా ఉంటుంది. కత్తి రావడం చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే, పోయిన ప్రాణానికి వాడే జవాబుదారీ. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు గానీ, ఆ కావలివాడి మాట మాత్రం రాత్రి చాలాసేపు వదల్లేదు. సరే, పాలకొండవారూ, మూడో పాదం ఇలా మారిస్తే?

గోనె గట్టి వేడఁ గూల్పఁడు దేవుండు

పాలకొండ పద్యం:
కర్త దొరికాడు! గో–గూ యతి కూడా నిలిచింది. తీసుకున్నాను మాస్టారూ.

అచ్చుతప్పు:
నా మొదటి అభ్యంతరం వాపస్. రెండోది సగం.

బొబ్బిలి పిల్ల:
నాకు కథలు రావండీ, ఇంట్లో వినేదే రాశాను.

ఏటి కెళ్ళకోరి యేటైందిరా నీకు
వాగు పొంగు రాత్రి వద్దు కొడక
అమ్మ తిట్టి కొట్టి యాపుట కోపమా
ప్రేమ గలుగువాఁడె భీతి గొలుపు

నాగావళి ఒడ్డు:
ఒక "ఏటి" నది, ఇంకో "ఏటి" మన "ఏమిటి". మనవైపు తప్ప ఇంకెక్కడా పుట్టని పద్యం!

అచ్చుతప్పు:
అంతా బాగుంది గానీ, అమ్మ "వాఁడె" ఎలా అవుతుందమ్మా?

మాస్టారు:
పట్టేశాడు. "అమ్మ" తీసి "అయ్య" పెట్టు, గణమూ యతీ కదలవు.

బొబ్బిలి పిల్ల:
పెట్టేశాను మాస్టారూ. పద్యం ఒప్పుకుంది. మా అమ్మే ఒప్పుకోవట్లేదు, చీపురు పట్టుకుని ఏట్లోంచి తమ్ముణ్ణి లాక్కొచ్చింది తనయితే పేరు నాన్నకేటి అంటోంది.