మెడ పట్టేస్తే కనుగుడ్లు కొట్టుకుంటాయా?

పెసరట్టు: మా అత్తయ్యకి మంచం మీద కుడివైపు తిరిగితే చాలు, గది మొత్తం గిర్రున తిరుగుతోందట. ఎక్స్‌రే తీసి స్పాండిలైటిస్ అన్నారు, కాలర్ వేశారు. ఇంకో డాక్టర్ గారేమో మెడకీ కళ్ళకీ సంబంధమే లేదన్నారు. ఎవరి మాట వినాలి?

ఫిజియో గుంటూరు: సంబంధమే లేదంటే ఎలాగండీ! పుర్రె కింద ఉండే చిన్న కండరాల్లో మజిల్ స్పిండిల్స్ (కండరం ఎంత సాగిందో పసిగట్టేవి) కిక్కిరిసి ఉంటాయి, అవి పంపే కబురు మెదడులో లోపలి చెవి కబురు చేరే చోటికే చేరుతుంది. చీకట్లో తల కదలకుండా పట్టుకుని ఒంటిని మాత్రం తిప్పితే కళ్ళు కాస్త కదులుతాయి. రెండు లోపలి చెవులూ దెబ్బతిన్నవాళ్ళలో ఈ రిఫ్లెక్స్ ఇంకా బలపడుతుంది.

చెవిలో జోరీగ: ఆ "కాస్త" దగ్గరే ఉంది అసలు పేచీ. 1977లో అచ్చయిన ప్రయోగంలో మెడలోకి మత్తుమందు ఎక్కిస్తే కుందేళ్ళకి కనుగుడ్లు కొట్టుకున్నాయి. మనుషులు తూలారు గానీ నిస్టాగ్మస్, అంటే గది తిరిగేటప్పుడు కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం, రాలేదు. పైగా యాభై దాటాక చాలామంది మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనపడుతూనే ఉంటుంది, కళ్ళు తిరిగినా తిరక్కపోయినా.

సూర్యనమస్కారం: చర్మాన్ని ఇద్దరూ వదిలేశారు. పక్కకి పడుకుంటే కిందివైపు ఒళ్ళు నొక్కుకుంటుంది కదా. యోగులు ఆనుకునే కర్ర, అదే యోగదండం, చంకలో పెట్టుకుంటే అవతలి ముక్కు రంధ్రం తెరుచుకుంటుంది, పక్కటెముకల దగ్గర నొక్కితే ఆ వైపు చెమట తగ్గుతుందని జపాన్‌లో తకాగి కెంతారో అనే శరీరధర్మ శాస్త్రవేత్త చూపించాడు. ఒత్తిడి ముక్కునీ చెమటనీ మార్చగలిగితే కళ్ళను ఎందుకు మార్చదు?

చెవిలో జోరీగ: ముక్కూ చెమటా నడిపే నరాలు వేరు, కనుగుడ్లను తిప్పేవి వేరు, ఒకటి రుజువైతే రెండోది రుజువైనట్టు కాదు. ఆనించిన చెయ్యి కదలికతో నిస్టాగ్మస్ వస్తుందనడానికి వేరే సాక్ష్యం ఉంది, అదీ 1977లోనే: చీకట్లో కదలకుండా కూర్చున్న మనిషి చేతిని, చుట్టూ తిరుగుతున్న డ్రమ్ము గోడకి ఆనిస్తే, తానే తిరుగుతున్నట్టనిపించి కళ్ళు కొట్టుకున్నాయి. కానీ అక్కడ గోడ కదులుతోంది, చెయ్యి దాంతో పాటు వెళ్తోంది. పరుపు కదలదుగా!

ఫిజియో గుంటూరు: సరే, చర్మం సంగతి పక్కన పెడదాం. యాక్సిడెంట్‌లో మెడ విదిలించుకున్నవాళ్ళు తూలడం నేను రోజూ చూస్తాను, మెడకి వ్యాయామం చేయిస్తే తగ్గుతుంది కూడా. దాన్ని కాదంటారా?

చెవిలో జోరీగ: తూలడాన్ని కాదనను. గది గిర్రున తిరగడం వేరే బాపతు. పెసరట్టు గారూ, ఒక్కటి చెప్పండి, మీ అత్తయ్య గారు మెడ తిప్పకుండా తలా ఒళ్ళూ కలిపి ఒకేసారి దొర్లినా తిరుగుతోందా?

పెసరట్టు: అవునండీ, కాలర్ ఉండగానే. అర నిమిషంలో ఆగిపోతుంది.

చెవిలో జోరీగ: మెడ మెలిపడకుండానే తిరుగుతోందంటే నా అనుమానం లోపలి చెవిలో చోటు తప్పిన కాల్షియం స్ఫటికాల మీద. డిక్స్ హాల్‌పైక్ పరీక్ష చేయించండి: తల 45 డిగ్రీలు పక్కకి తిప్పి, వేగంగా వెల్లకిలా పడుకోబెట్టి కనుగుడ్లు చూస్తారు. అదే అయితే తలని వరసగా నాలుగు భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి తగ్గిపోతుంది. మెడనొప్పి ఉందని ముందే చెప్పండి. ఈలోగా మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడడం, చెయ్యి పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే మాత్రం ఈ చర్చ కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.