రెండు మరలు, రెండూ ఫోకసేనా? పారలాక్స్‌కి తెలుగు మాట కావాలి

డాలస్ నుంచి అడుగుతున్నాను. మా వాడు .22 రైఫిల్‌ని బల్ల మీద ఆనించి 50 గజాల దూరంలోని కాగితానికి గురి పెట్టి కొడుతుంటాడు. ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు దాని దుర్భిణికి ఎడమ పక్కనున్న మర చూసి "ఇదేంట్రా?" అన్నారు. "ఫోకస్ తాతయ్యా." "మరి కంటి దగ్గర తిప్పేదో?" "అదీ ఫోకసే." ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ నాకే మనసొప్పడం లేదు. ఎడమ మరని అసలు పారలాక్స్ (చూసే చోటు మారితే వస్తువు జరిగినట్టు కనిపించడం) మర అంటారు. ఎక్కడో "దృష్టిభేదం" అని చదివాను. నాకది అన్నదమ్ముల అభిప్రాయభేదంలా వినిపిస్తోంది. ఇంకో మాటేమైనా ఉందా?

*

నేను ఇంటర్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఈ మాటతోనే బతికినవాణ్ణి. కటకం ముందు ఒక గుండుసూది, దాని తలకిందుల బొమ్మ పడే చోట ఇంకో సూది. మొన మొనా కలిపి "ఇప్పుడు తల ఇటూ అటూ ఊపు" అనేవాళ్లం. సూదీ బొమ్మా విడిపోతే ఇంకా కుదరనట్టు, కలిసే కదిలితే రెండూ ఒకే చోట ఉన్నట్టు. తెలుగు మీడియం పిల్లల్ని కూడా "పారలాక్స్ పోయిందా?" అనే అడిగాను, అబద్ధమెందుకు.

మీ దుర్భిణిలోనూ అదే సంగతి. గురి బొమ్మ గొట్టం లోపల ఒకచోట పడుతుంది. అడ్డగీత, నిలువుగీత ఉన్న తలమూ సరిగ్గా అక్కడే ఉండాలి. బొమ్మ ముందుకో వెనక్కో పడితే, రైఫిల్ కదలకపోయినా మీ తల కదిలినప్పుడల్లా గీతలు గురి మీద జరుగుతాయి. దాన్ని సరిచేసేది ఎడమ మర. కంటి దగ్గరిది గీతలకీ మీ కంటికీ మధ్య వ్యవహారం. ముందు దాన్నే తిప్పాలి. తెల్లగోడకేసి పెట్టి, ఒక్క క్షణం చూసి, చూపు తప్పించి, మళ్లీ చూడాలి. తదేకంగా చూస్తే లాభం లేదు. కన్ను మహా మొహమాటస్థురాలు, మసకగా ఉన్నా సర్దుకుపోతుంది. ఇదంతా ఖాళీ రైఫిల్‌తోనే సుమా.

*

మాస్టారూ, జ్యోతిష గణితంలో దీనికి పాత మాటే ఉంది: లంబనం. సూర్యసిద్ధాంతం అయిదో అధ్యాయంలో సూర్యగ్రహణ గణితమంతా లంబనం, నతి (ఈ తేడాలో ఉత్తర దక్షిణాల వాటా) అనే రెంటి చుట్టూ తిరుగుతుంది. భూమి నడిబొడ్డు నుంచి చూస్తే ఉండాల్సిన చోటు కంటే, నేల మీద నిలబడ్డ మనకి చంద్రుడు కాస్త కిందికి వేలాడినట్టు కనిపిస్తాడు. నడినెత్తిన ఉన్నప్పుడు తేడా లేదు, దిగంతం దగ్గర దాదాపు ఒక డిగ్రీ, అంటే రెండు చంద్రబింబాలంత. గ్రహణ సమయంలో దీనివల్ల వచ్చే తేడాని నాలుగు ఘడియల దాకా లెక్కగట్టారు.

*

మాట గొప్పదే గానీ అండీ, మావాడితో "లంబనం సరిచేసుకో" అంటే నిలువుగీత వంకరపోయిందనుకుంటాడు! మాస్టారు చెప్పినట్టే చేశాం. మర మీది అంకె 50 దగ్గరే పెట్టాం, రైఫిల్‌ని సంచుల మీద ఆనించి తాకకుండా తల మాత్రం పైకీ కిందికీ ఆడించాడు. గీత నల్లచుక్క అంచు దాకా పోయింది. "నాన్నా, ఈదుతోంది" అన్నాడు. 50 దాటించి కాస్త తిప్పితే నిలిచింది. అంకెని నమ్మకూడదన్నమాట.

*

ఇంకేం, మాట దొరికిందిగా. "గీత ఈదుతోంది, గీత నిలిచింది." నామవాచకం పారలాక్స్‌గానే ఉండనివ్వండి, పని చేసేది క్రియాపదమే. అన్నట్టు, గురి అంటే నమ్మకం కూడా. డాక్టరు మీద గురి కుదిరిందంటాం, లక్ష్యం మీదా కుదిరిందంటాం.

*

కొసరు: కంటి దగ్గరి మరకి మా నాన్నగారు "కళ్లజోడు మర" అని పేరు పెట్టారు, తనూ ఓసారి చూస్తానని తన కంటికి తిప్పుకున్నారు కూడా. పొద్దున్నించీ మనవడికి గీతలు మసక. మళ్లీ తెల్లగోడ దగ్గరికే వెళ్లాడు.