సస్పెండ్ అయ్యే క్షణంలో కరెంటు పోతే బోర్డు లేవడం లేదు

ఉండి రైతుబిడ్డ:
మాది ఉండి దగ్గర, నాలుగెకరాల వెనామీ రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కాసేపటికే రొయ్య పైకి తేలుతుంది. అందుకే షెడ్డులో బ్యాటరీ మీద నడిచే చిన్న లినక్స్ బోర్డు పెట్టాను. పది నిమిషాలకోసారి లేచి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూసి మళ్లీ సస్పెండ్ అవుతుంది, అంటే నిద్రలోకి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోతే కరెంటు ఉందో లేదో చెప్పే జీపీఐవో పిన్ (బోర్డు మీది సిగ్నల్ పిన్) దాన్ని లేపాలి, నాన్నగారికి ఫోన్ వెళ్లాలి.

చేత్తో మెయిన్ తీసి చూస్తే ప్రతిసారీ లేచింది. మొన్న రాత్రి మాత్రం 3:10కి కరెంటు పోతే 3:20 దాకా లేవలేదు. పక్క చెరువు కాపలా ఆయన ఫోన్ చేయబట్టి జనరేటర్ వేశాం. లాగ్ చూస్తే బోర్డు పడుకున్నది కూడా 3:10కే. చాలా టెన్షన్‌గా ఉంది, ఎక్కడ తప్పు?

తణుకు:
సస్పెండ్‌కి ముందు రెండు సెకన్లు ఆగి, పిన్ ఇంకోసారి చూడండి.

కాకినాడ:
ఆగినా లాభం లేదండి. పిన్ చూశాక, పడుకునేలోపు కరెంటు పోతే మళ్లీ అదే కథ. మీది ఎడ్జ్ ఇంటరప్ట్ అయ్యుంటుంది, అంటే పిన్ మారిన క్షణంలో ఒక్కసారే వచ్చే సిగ్నల్. బోర్డు మెలకువగా ఉండగానే అది వచ్చింది, కెర్నల్ (లినక్స్ మూల భాగం) తీసేసుకుంది, మీ స్క్రిప్ట్ చూడలేదు. ఇక పిన్ కిందే ఉండిపోతుంది, కొత్త ఎడ్జ్ రాదు, ఆర్‌టీసీ (బోర్డులోని గడియారం) అలారం దాకా నిద్రే.

2010లో వచ్చిన 2.6.36 కెర్నల్ నుంచి దీనికోసమే సిస్ పవర్‌లో (/sys/power) వేకప్ కౌంట్ ఫైల్ ఉంది, బోర్డును లేపే ఈవెంట్ల లెక్క అందులో ఉంటుంది. ముందు అందులో అంకె చదవండి. తర్వాతే పిన్ చూడండి, ఈ వరుస తప్పకూడదు. కరెంటు ఉంటే అదే అంకెను ఆ ఫైల్లో తిరిగి రాయండి. ఈలోపు వేకప్ ఈవెంట్ వచ్చి ఉంటే రాయడం ఫెయిలవుతుంది, మొదటికి వెళ్లండి. రాశాక వస్తే కెర్నలే సస్పెండ్‌ను ఆపేస్తుంది.

అమలాపురం:
ఈవెంట్ వచ్చిందని డ్రైవర్ చెబితేనే ఆ అంకె పెరుగుతుంది తమ్ముడూ. జీపీఐవో కీస్ డ్రైవర్ చెబుతుంది, కానీ డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఆ బటన్‌కి, అంటే మీ పిన్‌కి, వేకప్ సోర్స్ అని ఉండాలి.

ఉండి రైతుబిడ్డ:
వేకప్ సోర్స్ ముందే ఉంది, అందుకే నిద్రలో ఉన్నప్పుడు లేచేది. స్క్రిప్ట్‌లో అంకె చదవడం అసలు లేదు, పెట్టాను. రిలేతో రాత్రంతా కరెంటు తీస్తూ వేస్తూ ఉంచాను. నాలుగుసార్లు రాయడం ఫెయిలయింది, నాలుగుసార్లూ వెనక్కెళ్లి పిన్ చూసి ఫోన్ చేసింది. కాకినాడ అన్నయ్యా, అమలాపురం అన్నయ్యా, మీ మేలు మరచిపోను. నాన్నగారు ఇవాళ షెడ్డులో కాకుండా ఇంట్లో పడుకున్నారు.