అప్‌డేట్: డెన్మార్క్ అతిథి మా ఇంట్లో రెండు రాత్రులు

ప్రయాణికులకు సభ్యుల ఇళ్లలో బస కుదిర్చే సర్వాస్ అనే సంస్థ ద్వారా వచ్చే విదేశీ అతిథిని నెల్లూరులోని మా ఇంట్లో ఉంచుకోవచ్చా, డబ్బు తీసుకోవాలా, ఏం వండిపెట్టాలి అని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. ఆమె నిన్న ఉదయం రైలెక్కారు. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందు ముఖ్యమైన సంగతి. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోగా వారి వివరాలను ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు విభాగానికి తెలపాలి. ఇది హోటళ్లకే అనుకున్నాను, ఇళ్లకూ వర్తిస్తుంది. మీరు హెచ్చరించబట్టి పాస్‌పోర్టు, వీసా కాపీలు ముందే తెప్పించుకున్నాను. డబ్బు ప్రశ్నే లేదు. 1949లో డెన్మార్క్‌లోనే మొదలైన ఈ సంస్థలో బసకు రుసుము తీసుకోరు. మామూలుగా రెండు రాత్రులు ఉంచుకుంటారు.

భోజనం గురించి ఎంత భయపడ్డానో! మొదటి రాత్రి పప్పు, చారు, పెరుగుతో సరిపెట్టాం. మర్నాడు అమ్మ ఆగలేదు. మామిడికాయ ముక్కలు వేసి ముందురోజే కాచి ఉంచిన చేపల పులుసు తీసింది. మన పులుసు రుచి తెలిసేది రెండో రోజే కదా. ఆమె చేత్తో తినలేక తడబడుతుంటే అమ్మ పక్కనే కూర్చుని, చేపముక్కను వేళ్లతో విడదీసి, ముల్లు ఎలా లాగాలో చూపించింది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ ఆ కంచం దగ్గరే అరగంట గడిపారు. నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం మైపాడు తీరానికి వెళ్లివచ్చాం.

బయలుదేరేటప్పుడు ఉదయగిరి చెక్క గరిటె ఇచ్చాం. దాని అంచు తడిమి చూసి, ఏ చెట్టు కలప అని అడిగారు. ఉదయగిరి వెళ్లి చేసేవారినే అడిగి ఉత్తరం రాస్తానన్నాను. ఈ ఆదివారం బయలుదేరుతున్నాను.