దసరాకి బోనులో పాలపిట్ట, ఎవరికి చెప్పాలె?

నిన్న మా గల్లీకి ఒకాయన బోనులో పాలపిట్టను తెచ్చి దర్శనానికి 20 రూపాయలు అడిగిండు, దగ్గరికి పోయి చూస్తే రెక్కలు దారంతో కట్టేసి ఉన్నయి, నోరు తెరిచి రొప్పుతుంది, పాణం ఉసూరుమన్నది. ఏం చేయాలె అన్నా?

జవాబు: పైసలు మాత్రం ఇయ్యకు తమ్మీ, ఇస్తే ఇంకో పది పట్టుకొస్తరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుడే నేరం. అటవీ శాఖకి ఫోన్ కొట్టు, దారం నువ్వే తెంపి వదలకు, ఎగరలేక కుక్కల పాలైతది.

జవాబు: మన తెలంగాణ రాష్ట్ర పక్షి అది! పాత చెట్ల తొర్రల్ల గుడ్లు పెడతది, ఆ చెట్లు కొట్టి ప్లాట్లు చేస్తుంటే, పురుగుమందులకి మిడతలు చస్తుంటే ఏం తిని బతుకుతది?

అడిగినాయన: ఫోన్ చేసిన, వచ్చి తీస్కపోయిన్రు. పిల్లలకి ఎక్కడ చూపియ్యాలె?

జవాబు: పొద్దున్నే హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకి పో, 2016ల జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగ ప్రకటించిన్రు. కరెంటు తీగల మీద చూడు, ఎగిరినప్పుడే దాని రెక్కల నీలం బాగ కనపడతది.