రౌటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది: కొత్తది కొనాలా, పాతదాన్ని స్పేర్‌గా ఉంచుకోవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ నమస్కారం. గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లు, 100 ఎంబీపీఎస్ ఫైబర్. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌యూ డబ్బాకి (ఫైబర్ లైను వచ్చి చేరేది) వైఫై లేదు, ఒక్కటే లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలకి కేబుల్ పెట్టే చోటు). దాన్నుంచి ఆరేడేళ్ల పాత రౌటర్‌కి కేబుల్ వెళ్తుంది. నెల రోజులుగా రౌటర్ దానంతటదే ఆగి మళ్లీ వస్తోంది, ఎక్కువగా సాయంత్రాలు. ఇన్వర్టర్ ఉంది. పై గదిలో సిగ్నల్ అంతంతమాత్రం. 2,500 లోపు ఏది తీసుకోమంటారు? పాతది స్పేర్‌గా పనికొస్తుందా?

పటమట, విజయవాడ:
డబ్బు తియ్యకముందు ఒకటి చూడండి. రౌటర్ ఆగినప్పుడు ఓఎన్‌యూ లైట్లు కూడా పోతున్నాయా? రెండూ కలిసి పోతే కరెంటు గొడవ. ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి, కరెంటు మారేటప్పుడు గ్యాప్ బాగా తగ్గుతుంది. ఓఎన్‌యూ వెలుగుతూనే ఉండి ‘లాస్’ (ఎల్ఓఎస్, సిగ్నల్ పోయిందని చెప్పేది) లైటు ఎర్రగా వస్తే ఫైబర్ లైనుది, రౌటర్ మార్చినా లాభం లేదు. ఈ రెండూ కాక రౌటర్ ఒక్కటే ఆగుతుంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి.

ఐదారేళ్లు వేడిలో పడున్న అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోతాయి. మల్టీమీటర్ పెడితే ఓల్టేజి సరిగ్గానే చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు దాని మీద లోడ్ లేదు. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకునేసరికి రౌటర్ కరెంటు ఎక్కువ లాగుతుంది, ఓల్టేజి కూలుతుంది, రీస్టార్ట్. మీ లక్షణాలు అచ్చం ఇవే.

బ్రాడీపేట, గుంటూరు:
ఓఎన్‌యూ ఆగట్లేదండీ, రౌటర్ ఒక్కటే. అడాప్టర్ మీద 9 ఓల్టులు, 0.6 ఆంపులు అని ఉంది. ఇంట్లో పాత సెట్‌టాప్ బాక్స్‌ది 12 ఓల్టుల అడాప్టర్ ఉంది, పిన్ను సరిగ్గా పట్టింది. పెట్టి చూడనా?

పటమట, విజయవాడ:
వద్దండీ! పిన్ను పట్టడం వేరు, ఓల్టేజి కుదరడం వేరు. 9కీ 12కీ చాలావాటికి బయట 5.5 మిల్లీమీటర్ల పిన్నే ఉంటుంది, అక్కడే అందరూ దెబ్బతింటారు. 9 ఓల్టుల రౌటర్‌కి 12 ఇస్తే లోపల రెగ్యులేటర్ పోవచ్చు. తిరగేసి 12 దానికి 9 ఇస్తే లైట్లు వస్తాయి గానీ వైఫై నిలవదు. ఓల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపులు ఎక్కువున్నా పర్వాలేదు. 9 ఓల్టులు, 1 ఆంపు అడగండి. లేబుల్ మీద రెండు వలయాల బొమ్మ ఉంటుంది చూడండి, మధ్య చుక్క ప్లస్ వైపు కలిసుండాలి. రెండు అడాప్టర్ల మీదా ఆ బొమ్మ ఒకేలా ఉంటేనే పెట్టండి.

అరండల్‌పేట, గుంటూరు:
పై గదికి ఒక ఎక్స్‌టెండర్ (వైఫై అందుకుని మళ్లీ పంచే డబ్బా) పడేస్తే సరిపోదా? చవకలో పని అయిపోతుంది.

లబ్బీపేట, విజయవాడ:
చవకే, కానీ సింగిల్ బ్యాండ్ (ఒక్క ఫ్రీక్వెన్సీలోనే పనిచేసే) ఎక్స్‌టెండర్ అదే రేడియోతో తీసుకుని అదే రేడియోతో ఇస్తుంది. స్పీడు సగానికి పడుతుంది. స్లాబు దాటి దానికి చేరే సిగ్నలే నీరసంగా ఉంటే ఇక అది పంచేదేముంది? కింది నుంచి పైకి ఒక క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ లాగితే ఆ బాధే ఉండదు.

రౌటర్ సంగతి. అడాప్టర్‌తో పాతది బతికినా కొత్తది తీసుకోమనే అంటాను, వయసైపోయింది, చాలా పాతవాటికి అప్‌డేట్లు కూడా ఆగిపోయి ఉంటాయి. అట్టపెట్టె మీది ‘ఏసీ1200’ చూసి మోసపోవద్దు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్, రెండూ కలిపి గుండుగుత్తగా వేసిన అంకె అది. అడగాల్సింది వాన్ పోర్టు (ఓఎన్‌యూ కేబుల్ పెట్టేది) గిగాబిట్టా (1000 ఎంబీపీఎస్) కాదా అని. టీపీ-లింక్‌లోనే ఆర్చర్ సీ50, సీ6 రెండూ ఏసీ1200లే. సీ50కి పోర్టులు 100 ఎంబీపీఎస్, సీ6కి గిగాబిట్. 100 పోర్టులో చేతికొచ్చేది 94 దాకా. ఈరోజు ప్లానుకి చాలు, రేపు 200కి మారితే అక్కడే ఆగిపోతారు. మీ బడ్జెట్‌కి సీ6 తరగతిది చాలు. కొంచెం పెంచగలిగితే వైఫై 6లో (ఏసీ తర్వాతి తరం) ఏఎక్స్1500 చూడండి. ఏఎక్స్3000 ఈ ప్లానుకి దండగ.

ఇప్పుడు స్పేర్. అటక మీద పెట్టిన రౌటర్ స్పేర్ కాదు, అవసరపడ్డ రోజు దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. పాతదాన్ని పై గదిలో యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌తో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చేది) వాడండి, అదే మీ స్పేర్ కూడా అవుతుంది.

కొత్తదాని ఐపీ (బ్రౌజర్‌లో కొట్టి సెట్టింగుల పేజీ తెరిచే అడ్రస్) 192.168.0.1 అనుకుందాం. పాతదాని లాన్ ఐపీ 192.168.0.2 చెయ్యండి. సేవ్ చేశాక పేజీ ఊడిపోతుంది, కొత్త అడ్రస్‌తో మళ్లీ తెరవండి. వాన్ పేజీలో పీపీపీఓఈ (ఆపరేటర్ ఇచ్చిన నెట్ లాగిన్) యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇప్పుడే ఎక్కించి ఉంచండి, వాన్ పోర్టు ఖాళీగా ఉన్నంతకాలం వాటితో ఇబ్బంది లేదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్తదానివే పెట్టండి. చివర్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి, టీవీలకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కింది నుంచి వచ్చే కేబుల్‌ని లాన్ పోర్టులో గుచ్చండి, వాన్‌లో కాదు. మెనూలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని కనిపించినా నొక్కకండి. కొన్ని మోడళ్లలో అది నొక్కగానే వాన్ సెట్టింగులు పోతాయి.

డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచుతాయి. కొన్ని ఫోన్లకి నెట్ వస్తుంది, కొన్నిటికి వైఫై గుర్తు నిండుగా ఉండి కూడా రాదు.

కొత్తది చచ్చిన రోజున పాతదాన్ని కిందికి తెచ్చి, ఓఎన్‌యూ కేబుల్ వాన్‌లో పెట్టి, డీహెచ్‌సీపీ ఆన్ చెయ్యడమే. అదే పేజీలో గేట్‌వే (నెట్‌కి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్) గడిలో 192.168.0.2 ఉందో లేదో చూడండి. పేరూ పాస్‌వర్డూ అవే కాబట్టి టీవీ, కెమెరాల జోలికి వెళ్లక్కర్లేదు.

మంగళగిరి:
ఆపరేటర్ వైపు నుంచి రెండు ముక్కలు. చాలాచోట్ల కనెక్షన్‌ని రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని గుర్తింపు నంబర్‌కి, కట్టేస్తారు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కొత్త రౌటర్‌కి నెట్ రాకపోతే మొదటి అనుమానం ఇదే. పాతదాని స్టేటస్ పేజీలో వాన్ మ్యాక్ ముందే రాసుకోండి. అడుగున స్టిక్కర్ మీద ఉండేది చాలావాటికి లాన్‌ది, వాన్‌ది చివరి అంకె ఒకటి తేడాగా ఉంటుంది. కొత్తదాంట్లో మ్యాక్ క్లోన్ దగ్గర ఆ వాన్ మ్యాక్ మొత్తం వెయ్యండి, లేదా ఆపరేటర్‌కి ఫోన్ చేసి మ్యాక్ రిలీజ్ చెయ్యమనండి. పాత సెషన్ సర్వర్‌లో కాసేపు వేలాడుతుంది కూడా, అందుకని మార్చేటప్పుడు ఓఎన్‌యూని పది నిమిషాలు ఆపి పెట్టండి.

రెండోది, ఓఎన్‌యూకి స్పేర్ ఆన్‌లైన్‌లో కొనకండి. దాని సీరియల్ నంబర్ ఆపరేటర్ ఓఎల్‌టీలో (వాళ్ల వైపు ఉండే ఫైబర్ పరికరం) నమోదు కాకపోతే అది ఉత్త డబ్బా.

బ్రాడీపేట, గుంటూరు:
చాలా థాంక్సండీ. అడాప్టర్ మార్చి చూస్తాను, కొత్తదీ తీసుకుంటాను. పైకి కేబుల్ మా ఎలక్ట్రీషియన్ లాగుతానన్నాడు. అతనికి ఏం చెప్పాలి?

లబ్బీపేట, విజయవాడ:
కరెంటు వైర్ల పైపులో వెయ్యొద్దని మొదట చెప్పండి. రాగి కేబులే తెమ్మనండి, రాగి పూత అల్యూమినియంది క్రింపు (తీగలకి ప్లగ్ బిగించే చోటు) దగ్గర విరుగుతుంది. ఎనిమిది తీగలూ రెండు చివర్లా ఒకే వరుసలో క్రింప్ చెయ్యాలి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. నాలుగు తీగలు చాలులే అని కొందరు వదిలేస్తారు. నెట్ వస్తుంది, కానీ 100 దాటదు. అతను వెళ్లకముందే ల్యాప్‌టాప్ ఒకటి ఆ కేబుల్‌తో కొత్త రౌటర్‌కి తగిలించి లింక్ స్పీడు చూడండి. ల్యాప్‌టాప్‌కి గిగాబిట్ పోర్టు ఉండి కూడా 100 చూపిస్తే ఏదో తీగ పట్టలేదని, మళ్లీ క్రింప్ చెయ్యమనండి.