అమ్మకి అరికాళ్ళ మసాజ్‌లో వట్టివేరు ఆయిల్ ఎన్ని చుక్కలు కలపాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
మా అమ్మకి అరవై దాటాయండి, పడుకున్నాక ఏవేవో ఆలోచనలు తిరుగుతూనే ఉంటాయంట, ఒంటిగంటా రెండింటి దాకా నిద్ర పట్టట్లేదు. నేను రాత్రిపూట నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి అరికాళ్ళకి రాస్తున్నా. పార్లర్ ఆవిడ వట్టివేరు ఎసెన్షియల్ ఆయిల్ కలుపు, మనసు కుదురుకుంటుంది అంది. తెచ్చా, కానీ బాగా చిక్కగా ఉంది, సీసాలోంచి చుక్క పడటమే కష్టంగా ఉంది, వాసన కూడా తడిమట్టిలా ఘాటుగా ఉంది. ఎన్ని చుక్కలు వేయాలి? లావెండర్‌తో కలుస్తుందా? గదిలోకి వాసన వదిలే డిఫ్యూజర్‌లో వేయొచ్చా?

జవాబు 1:
చిక్కగా ఉండటం మంచిదేనండి, అది వేళ్ళలోంచి గంటలకొద్దీ ఆవిరి పట్టి తీసే నూనె, అలాగే ఉంటుంది. సీసాని కాసేపు అరచేతుల మధ్య పట్టుకుంటే పల్చబడుతుంది. అమ్మగారి వయసుకి 1 శాతం చాలు, అంటే 30 మి.లీ. నువ్వుల నూనెకి అన్ని ఆయిల్సూ కలిపి 6 చుక్కలు. అందులో వట్టివేరు ఒక్క చుక్కే వేయండి, లావెండర్ 3, స్వీట్ ఆరంజ్ 2. వట్టివేరు బేస్ నోట్ కదా, పైవాసనలు ఎగిరిపోయాక కూడా ఇది ఒంటిమీద నిలబడుతుంది, అందుకే ఎక్కువ వేస్తే మిగతావన్నీ మింగేస్తుంది. నూనె వేడిగా ఉన్నప్పుడు కలపొద్దు, గోరువెచ్చగా అయ్యాకే. ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒకరోజు చూడండి. డిఫ్యూజర్‌లో వేస్తే లావెండర్‌లో కలిపి వేయండి, లేకపోతే అడుగున అంటుకుపోతుంది, వాడాక కడిగేయాలి.

జవాబు 2:
అక్కా, సీసా మీద ఏం రాసుందో ఒకసారి చూడున్రి. ఖస్ అన్నా వట్టివేరు అన్నా ఒకటే, గని శర్బత్‌ల పోసే పచ్చ ఖస్ ఎసెన్స్ వేరే, అది ఒంటికి రాసేది కాదు. ఎండకాలం కూలర్ల జాలీలకు పెడ్తం చూడు ఖస్, ఆ వేర్ల నుంచే ఈ నూనె వస్తది. చార్మినార్ దిక్కు అత్తర్ దుకాన్లల్ల రూహ్ ఖస్ అని అడిగితే ఇస్తరు, యూపీ కన్నౌజ్‌ల రాగి డేగులల్ల (పెద్ద గిన్నెలు) ఆవిరి పట్టి తీసేది, మంచిగుంటది గని రేటు జాస్తి. ఉత్త అత్తర్ అంటే మాత్రం వేరే నూనెల కలిపి ఉంటది, మసాజ్‌కి తీసుకోకున్రి. హైతి నుంచి వచ్చేది వాసన తేటగుంటది, జావా దీవి నుంచి వచ్చేది పొగ వాసన కొడ్తది, మీ అమ్మకు ఘాటు పడకపోతే హైతిదే చూడున్రి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండి ఇద్దరికీ. అమ్మ బీపీ టాబ్లెట్లు వాడుతుంది, పర్లేదా? ఎక్కువ కలిపి సీసాలో పెట్టుకోవచ్చా?

జవాబు 1:
టాబ్లెట్లు మాత్రం ఆపొద్దండి, ఇది మందు కాదు, డాక్టర్‌గారికి ఒకమాట చెప్పి మొదలుపెట్టండి. ఇన్నాళ్ళుగా నిద్ర లేదంటే ఆ సంగతి కూడా ఆయనకి చెప్పాలి. రాశాక అరికాళ్ళు తుడిచేయండి, బాత్రూమ్‌కి లేస్తే జారుతుంది, ఆ వయసులో పడితే కష్టం. కలిపింది ముదురు రంగు గాజుసీసాలో పెట్టి రెండు నెలల్లో వాడేయండి. వట్టివేరు ఏళ్ళు గడిచేకొద్దీ వాసన ఇంకా బాగుంటుంది, ఆరంజ్ తొందరగా పాడవుతుంది కాబట్టి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి.